మంచి మోతకు ఒక మాట

ఫారంలో ఆ గడి ఒక్కటే ఖాళీగా ఉంది. "మంచి వీల్ ఎలా మోగాలి? కొత్త కార్మికుడికి అర్థమయ్యేలా తెలుగులో రాయండి." ఆడిట్‌కు వచ్చినవాళ్లు ఈ ప్రశ్న పెట్టి వెళ్లిపోయారు. మా మేనేజర్ వెంకటనారాయణ సారు దాన్ని నా నెత్తిన పెట్టి టీకి వెళ్లిపోయారు. నేను క్వాలిటీలో ట్రైనీని. ఎవరికీ చేతకాని పనులన్నీ ట్రైనీకే వస్తాయి.

మాది పటాన్‌చెరు దగ్గర ఇనుము పోతపోసే ఫ్యాక్టరీ. పోతపోసిన ముక్కల అంచుల్ని గ్రైండింగ్ వీల్ మీద అరగదీస్తారు. వీల్ అంటే గరుకు రాయితో చేసిన గుండ్రటి బిళ్ల. అందులో కంటికి కనిపించని పగులుంటే, తిరిగే వేగానికి ముక్కలై మనిషి మొహం మీదికి వస్తుంది. అందుకే మెషీన్‌కు ఎక్కించే ముందు ప్రతి వీల్‌నూ వేలాడదీసి చెక్కపిడితో తట్టి చూస్తారు. మంచిది మోగుతుంది, పగిలింది డబ్బుమంటుంది. పదకొండేళ్లుగా ఆ పని సత్తయ్యది. ఇస్మాయిల్‌ఖాన్‌పేట నుంచి రోజూ బస్సులో వస్తాడు.

నాకు మాటలు దొరకవని అనుకోలేదు. సంగారెడ్డి బజారులో మాది ఇత్తడి సామాన్ల దుకాణం. బిందె కొనేవాళ్లు దాన్ని వేలి గణుపుతో కొట్టి చూడటం చిన్నప్పటినుంచీ ఎరుగుదును. ధీమాగా "శ్రావ్యముగా మోగవలెను" అని రాశాను. గ్రైండర్ మీద పనిచేసే శివకుమార్ అది చదివి పడీపడీ నవ్వాడు.

"మేడం, గిది వీలా, పాట కచేరీనా? టింగుమంటది అని రాయరాదు!"

ఊడుస్తున్న పోశమ్మ ఒప్పుకోలేదు. "టింగేంది, చెంచా కిందవడ్డట్టు? గల్లుమంటది." ఇంటికెళ్లి నాన్నను అడిగితే ఖంగుమనాలి అన్నాడు. ఒక్కొక్కరి చెవిలో ఒక్కో మాట. నా విసుగు పోయి కుతూహలం పట్టుకుంది. ఇన్నింటిలో ఏది సరైన మాటో చెప్పాలంటే, రోజంతా వీల్స్ మధ్యే కూర్చునే సత్తయ్యే చెప్పాలి.

మర్నాడు అతని టేబుల్ దగ్గరికి వెళ్లాను. వీల్ నడిమి రంధ్రంలో వేలు దూర్చి, వేలాడదీసి, తట్టాడు.

"ఎట్లుంది కాకా మోత?"

"మంచిగుంది."

"మంచిగ అంటే?"

"జివ్వుమంటది. సన్నగ పాకుతది. మెల్లగ ఆగుతది."

"పాకుడేంది కాకా? నేను చెవికి ఎట్లుందని అడుగుతున్న."

"నాకు గట్లనే తెలుస్తది బిడ్డా. ఇగ పని చేస్కోనియ్యి."

మూడు రోజులు ఇదే వరస. నాకు ఒళ్లు మండింది. చెప్పడానికి ఏం పోయింది ఈయనకు అని తిట్టుకున్నాను.

నాలుగో రోజు నుంచి టేబుల్ దగ్గర మందపాటి గ్లౌజులు తప్పనిసరి చేశారు. ఆ జత నేనే తీసుకెళ్లి ఇచ్చాను. సత్తయ్య వాటిని అటూ ఇటూ తిప్పి చూసి తొడుక్కున్నాడు. మధ్యాహ్నానికి శివకుమార్ వచ్చాడు.

"మేడం, మిషన్ ఖాళీగున్నది. పొద్దుగాల్నుంచి కాక ఒక్క వీల్ గూడ ఇయ్యలే. అన్ని పక్కకే పెట్టిండు."

వెళ్లి చూస్తే రిజెక్ట్ అరలో పద్దెనిమిది వీల్స్ ఉన్నాయి, అన్నింటి మీదా ఎర్ర చాక్‌పీసు గుర్తు. ఒక్కొక్కటీ తీసి తట్టాను. పద్దెనిమిదీ హాయిగా మోగాయి. సత్తయ్య నా వైపు చూడటం లేదు, గ్లౌజు వేళ్లను చూసుకుంటున్నాడు. అప్పుడు అర్థమైంది.

"కాకా, నీకు మోత వినొస్తలేదా?"

గ్లౌజులు తీసి టేబుల్ మీద పెట్టాడు. "మాటలు వినొస్తయి. మిషన్లు వినొస్తయి. గీ సన్న మోత నాలుగేండ్ల సంది లేదు. వేలుకే తెలుస్తది."

"మరి ఇయ్యాల అన్ని పంపితే ఎవలకు తెలుస్తుండె? పక్కకెందుకు పెట్టినవ్?"

"అనుమానమున్నదాన్ని ఎట్ల పంపుత బిడ్డా? అది పలిగితే శివకుమార్ మొఖం మీదికొస్తది."

మూడు రోజులు తిట్టుకున్నందుకు నాకు సిగ్గేసింది. అయినా దాచడానికి వీల్లేదు.

"సారుకు చెప్పాలె కాకా."

"చెప్పాలె. పా," అని తనే ముందు లేచాడు.

వెంకటనారాయణ సారు అంతా విని తల పట్టుకున్నారు. "వినబడని మనిషిని ఆ టేబుల్ మీద ఎట్ల ఉంచాలె సత్తయ్యా? రేపట్నుంచి ప్యాకింగ్‌కు పో." ప్యాకింగ్ అంటే అట్టపెట్టెలకు టేపు అంటించడం. సత్తయ్య మొహం వాడిపోయింది.

"ఒక్క వీల్ కొట్టి సూడుండ్రి సారు. మోత ఆగంగనే చెప్పుండ్రి. తర్వాత ఏడికి పంపినా పోత."

వీల్ తెచ్చి అతని వేలికి తగిలించి, తలుపు మూసి, తట్టాను. మోత గదంతా నిండి, సన్నబడి, సన్నబడి పోయింది. "ఆగింది," అన్నారు సారు. నాకూ ఆగింది.

"ఆగలే," అన్నాడు సత్తయ్య, వేలు దించకుండా.

సారు నమ్మలేదు. లేచి వచ్చి, వీల్‌ను తన వేలికి తగిలించుకుని మళ్లీ కొట్టమన్నారు. కొట్టాను. నా చెవిలో మోత అయిపోయింది. సారు వేలు మాత్రం అలాగే ఉంది.

"ఇంకా ఉంది," అన్నారు మెల్లగా. తర్వాత వీల్ కింద పెట్టి నా వైపు తిరిగారు. "ఇద్దరూ టేబుల్ దగ్గర ఉండండి. చెవి నీది, గ్లౌజు లేని వేలు ఆయనది. ఇద్దరూ సరే అంటేనే వీల్ లోపలికి పోవాలె."

బయటికి వచ్చాక సత్తయ్య ఆగిపోయాడు. చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు.

"బిడ్డా, ఇప్పుడు కొట్టినవ్ గద. నీకు ఎట్ల వినొచ్చింది? జెర చెప్పు."

నాలుగేళ్లుగా ఎవరినీ అడగలేకపోయిన మాట అది. నా దగ్గరున్న గల్లులూ ఖంగులూ ఒక్కటీ నోటికి రాలేదు.

"కడిగిన కంచు గిలాస గట్టు మీద పెడితే మోగుతది సూడు కాకా. పెట్టినంక గూడ జెరసేపు ఉంటది. గట్ల."

సత్తయ్య కళ్లు మూసుకున్నాడు.

"ఔ," అన్నాడు. "గట్లనే ఉంటుండె."