ఉప్పునీళ్ళు తాగిన శ్లాబు

నేను ఒక శ్లాబును. నిజం చెప్పాలంటే ఇప్పుడు శ్లాబును కాను, శ్లాబు ముక్కలను. భీమిలికి ఉత్తరాన ఒక చేపల పల్లెలో, ఒడ్డు కోసుకుపోకుండా పోసిన రాళ్ళ మధ్య నన్ను పడేశారు. వలలు బాగుచేసుకునేవాళ్ళు వచ్చి నా మీద కూర్చుంటారు. ఒకప్పుడు నా కింద మనుషులు పడుకునేవారు. ఇప్పుడు నా మీద కూర్చుని నా గురించే మాట్లాడుకుంటున్నారు. వాళ్ళు చెప్పేదాంట్లో సగమే నిజం. మిగతా సగం నేను చెప్పకపోతే ఇక చెప్పేవాళ్ళు లేరు.

నన్ను కోరి వేయించుకున్నది కొర్లమ్మ. ఆమె మగడు ఎర్రయ్య సముద్రం మీదికి వేటకు వెళ్ళేవాడు, ఆమె గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళ మీద చేపలు అమ్మేది. ఒక తుపానులో వాళ్ళ తాటాకు కప్పు లేచిపోయింది. చంటిపిల్లను కడుపుకు అదుముకుని వానలో కూర్చున్న కొర్లమ్మ ఆనాడే ఒట్టు పెట్టుకుంది, గాలికి లేవని కప్పు కింద తప్ప ఈ పిల్లకు పెళ్ళి చెయ్యనని. ఆడదాని పంతం అని ఎర్రయ్య నవ్వాడు. ఏళ్ళ తరబడి చేపల డబ్బులు కూడబెట్టించిన ఆ పంతమే లేకపోతే నేనూ లేను.

నన్ను వేసినవాడు గౌరునాయుడు మేస్త్రి. సముద్రానికి దూరంగా, మెట్ట ఊరి నుంచి వచ్చిన మనిషి. మాట తక్కువ, పని ఎక్కువ. ఒడ్డున కావలసినంత ఇసుక పడుంటే అది ముట్టుకోనివ్వలేదు, ఏటి ఇసుకే తెప్పించాడు. ఇనుప చువ్వ కింద పెట్టే సిమెంటు బిళ్ళలు ఎక్కడైనా జరిగాయేమోనని వంగి వంగి చూసుకున్నాడు. చువ్వకు ఉప్పుగాలి తగలకూడదని ఆయన భయం. పాపం, ఉప్పు గాలిలో కాక గంగాళంలో వస్తుందని ఆయనకెలా తెలుస్తుంది?

శ్లాబు వేసిన రోజు నాకు పుట్టినరోజు. కాంక్రీటు కలిపే మిల్లరు గిరగిరా తిరుగుతుంటే, తట్టలు చేతులు మారుతూ పైకి వచ్చాయి. మూల మీద కొబ్బరికాయ కొట్టారు, కోడిని కోశారు. మధ్యాహ్నం కొర్లమ్మ పనివాళ్ళకు వంజరం చేప పులుసు పెట్టింది. మెట్ట ఊళ్ళవాళ్ళు అంత పెద్ద ముక్కలు ఎప్పుడూ చూడలేదేమో, భుక్తాయాసంతో తట్టలు ఎత్తలేక కాసేపు నన్ను సగంలో వదిలేసి కునుకు తీశారు. గౌరునాయుడు లేపి తరిమాడు గానీ, లేకపోతే పోసిన సగం ముందే బిగిసిపోయి నేను అప్పుడే రెండు ముక్కలయ్యేదాన్ని.

సాయంత్రానికి నన్ను చదును చేసి, నెత్తిన ఇసుక గట్లతో మడులు కట్టి, నీళ్ళు ఆరనివ్వొద్దని కొర్లమ్మకు చెప్పి మేస్త్రి వేరే పనికి వెళ్ళాడు. పచ్చి శ్లాబుకు నీళ్ళే తల్లిపాలు. ఎంత తాగితే అంత గట్టి.

కొర్లమ్మ మొదట బావి నీళ్ళే మోసింది. కానీ అవి ఎండాకాలం రోజులు. వాడ మొత్తానికీ ఒకటే మంచినీళ్ళ బావి, అందులోనూ నీళ్ళు అడుగంటాయి. బిందెలు వరస కట్టాయి. తాగడానికి లేక జనం నిలబడి ఉంటే, తాను రాతికి పొయ్యడానికి కడవల మీద కడవలు తోడుకుంటోంది. ఎవరూ పైకి ఏమీ అనలేదు. అనకపోవడమే ఆమెకు సిగ్గనిపించింది. రెండోనాడు ఖాళీ కడవతో వెనక్కి వచ్చి గడపలో కూర్చుంది. ఎదురుగా సముద్రం ఉంది. ఎవరి వంతూ అడగక్కర్లేదు, ఎంతైనా తోడుకోవచ్చు.

ఆ నీళ్ళు పొయ్యడం తప్పని ఆమెకు తోచలేదు. తోచడానికి వీలు కూడా లేదు. ఆమె బతుకులో ఉప్పు ఏనాడూ దేన్నీ చెడగొట్టలేదు. అమ్ముడుపోని చేపను నిలబెట్టింది ఉప్పే. ఒడ్డున ఎండిపోయి నెర్రెలిచ్చే కర్ర పడవకు సముద్రపు నీళ్ళు చల్లితేనే బిగుసుకునేది. ఎర్రయ్య ఒకసారి సందేహంగా అడిగితే ఆమె కొట్టిపారేసింది.

“ఉప్పు పడితే సేప నిలవుంటాది, పడవ నిలవుంటాది. శ్లాబు మాత్రం నిలవుండదేటి?”

ఎర్రయ్యకు ఆ మాట నచ్చింది. నిజం చెప్పొద్దూ, నాకూ నచ్చింది. పుట్టి రెండు రోజులైనదాన్ని, నాకేం తెలుసు?

మేస్త్రి మళ్ళీ వచ్చేదాకా పొద్దున ఒకసారి, మాపున ఒకసారి ఆమె సముద్రం నీళ్ళు కావడితో మోసుకొచ్చి, గంగాళంతో నిచ్చెన ఎక్కింది. సముద్రం ఉప్పు చాలదేమోనని ఒక రోజు గుప్పెడు రాళ్ళుప్పు కూడా నా మీద చల్లింది. బిడ్డకు దిష్టి తీసినంత ప్రేమగా చల్లింది. నేను గుటకలు వేస్తూ తాగాను. నాకు నోరుండి ఉంటే, తల్లీ ఇది నా ఎముకలను తినేస్తుందని చెప్పేదాన్నేమో. గట్టిపడటం తప్ప నాకింకో విద్య రాదు. గట్టిపడ్డాను.

నా కింద దన్నుగా పెట్టిన సెంట్రింగు చెక్కలు విప్పడానికి గౌరునాయుడు వచ్చాడు. నా అంచుల మీద తెల్లగా పేరుకున్నది చూసి ఆగాడు. వేలితో గీకి నాలుక మీద పెట్టుకున్నాడు. నేను ఆయన మొహం చూశాను, రంగు పోయింది. అప్పుడే కొర్లమ్మ కిందనుంచి పైకి చూస్తూ, బాగా వచ్చిందా మేస్త్రీ, ఒక్క పూట కూడా ఆరనివ్వలేదు అంది. ఆమె భుజం మీద కావడి ఒరుసుకుపోయిన పుండు ఉంది. మొహం మాత్రం వెలిగిపోతోంది. ఆ మనిషి వేలికంటిన ఉప్పును పంచెకు తుడుచుకున్నాడు.

“బాగా తడిపినావమ్మా,” అన్నాడు.

తర్వాత ఎవరూ అడక్కుండానే తన మనుషులతో బావి నీళ్ళు తెప్పించి నన్ను రుద్ది రుద్ది కడిగించాడు. కానీ తాగినది కడిగితే పోతుందా?

కొన్నేళ్ళు నేను దర్జాగా బతికాను. ఆ వాడలో మొదటి శ్లాబును నేనే. కొర్లమ్మ కూతురి పెళ్ళి నా నీడనే జరిగింది. నా నెత్తిన ఉప్పుచేపలు ఎండేవి, అంటే పైనుంచి ఇంకా ఉప్పు దిగేది. ఒకసారి పెద్ద తుపాను వచ్చినప్పుడు వాడ వాడంతా, మేకలతో సహా, నా కిందకి చేరింది. బయట తాటాకు కప్పులు కాకుల్లా ఎగిరిపోతుంటే లోపల పిల్లలు నన్ను చూస్తూ నిద్రపోయారు. తెల్లవారాక కొర్లమ్మ గోడకు చెయ్యి ఆనించి ఏడ్చింది. ఆ రోజు నాకు కలిగిన గర్వం ఏ మేడకూ కలిగి ఉండదు.

ఆ గర్వం కింద చువ్వ తుప్పు పడుతూనే ఉంది. తుప్పు పడితే ఇనుము ఉబ్బుతుంది, ఉబ్బితే నన్ను లోపలినుంచి చీలుస్తుంది. మొదట సన్నటి గోధుమరంగు గీత పడింది. తర్వాత సున్నం పొక్కులు లేచింది. ఒక మధ్యాహ్నం అన్నం గిన్నెలో సిమెంటు పెళ్ళ రాలింది. ఇంకొన్నాళ్ళకు, పురిటికి వచ్చిన కూతురు పసిపిల్లను స్నానానికి ఎత్తుకెళ్ళిన కాసేపటికే, ఖాళీ ఉయ్యాలలో ఒక పెద్ద పెళ్ళ పడింది. దానిని పడెయ్యకూడదని నేను ఎంత పట్టుకున్నానో నాకే తెలుసు. పట్టుకోలేకపోయాను.

ఆ రోజు నుంచి కొర్లమ్మకు పిచ్చెత్తినట్టయింది. గాలికి లేవని కప్పు అనుకున్నది పిల్ల మీద పడబోయింది. ఎవరో ఒకరు పాపి కావాలి కదా. సిమెంటు మింగేశాడని మేస్త్రిని తిట్టింది. చేపల వేలంపాట దగ్గర, బస్సులో, చేపలు అమ్మే ప్రతి గడపలో తిట్టింది. విన్నవాళ్ళు తలొక మాట కలిపారు. తిలాపాపం తలాపిడికెడు. ఇళ్ళు మొదలుపెడదామనుకున్నవాళ్ళు ఒక్కొక్కరే గౌరునాయుణ్ణి వదిలి వేరే మేస్త్రీలను చూసుకున్నారు.

ఆయన ఒకసారి వచ్చాడు. తాపీ, సిమెంటు తనే తెచ్చుకుని, రాలినచోట బాగుచేస్తానన్నాడు. కొర్లమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

“మా నోట మట్టి కొట్టినావు. నా గడప తొక్కకు.”

ఆయన గుమ్మం బయటనుంచే తలెత్తి, బయటపడిన నా చువ్వను చూశాడు. ఒక్క మాట చెబితే చాలు, నింద తీరిపోయేది. వస్తానమ్మా అని వెళ్ళిపోయాడు. ఆయనకూ నాకూ ఒకటే జబ్బు, లోపల ఎంత తుప్పు పట్టినా బయటికి చెప్పుకోలేం. తర్వాత ఆయన తాపీ మానేసి రొయ్యల చెరువుల దగ్గర కాపలాకు కుదిరాడని విన్నాను.

చివరికి నన్ను కూలగొట్టడానికి కూలీల ముఠా వచ్చింది. ముఠా పెద్ద నా చువ్వను విరిస్తే అది అప్పడంలా విరిగింది. ఇంత తుప్పేమిటి, ఉప్పునీళ్ళు గానీ తగిలాయా అని మాటవరసకి అడిగాడు. కొర్లమ్మ రోషంగా, నీళ్ళ దగ్గర నేను తప్పు చెయ్యలేదు, సముద్రం నీళ్ళు ఒక్క పూట తప్పకుండా పోశాను, రాళ్ళుప్పు కూడా చల్లానని చెప్పింది. సుత్తులు ఆగిపోయాయి. ఎవరూ నవ్వలేదు. ముఠా పెద్ద తల దించుకున్నాడు. కొర్లమ్మ వాళ్ళ మొహాలు ఒక్కొక్కటే చూసింది. ఎవరూ నోరు విప్పి చెప్పక్కర్లేకపోయింది.

మర్నాడు ఆమె కబురు పెడితే గౌరునాయుడు వచ్చాడు. బాగా ముసలివాడయ్యాడు, చూపు ఆనడం లేదు. కూలిన నా ముక్కల మీదే ఇద్దరూ కూర్చున్నారు.

“నీకు తెలుసునా మేస్త్రీ?”

“సెంట్రింగు ఇప్పిన రోజే తెలిసిందమ్మా.”

“మరి సెప్పలేదేటి?”

“ఏటని సెప్పను? భుజం పుండు పడేలాగ మోసినావు. బాగుందా అని అడిగినావు. నాకు నోరు రానేదు.”

కొర్లమ్మ నా ముక్కలోంచి ఊడిన తుప్పు పెచ్చును వేళ్ళతో నలిపింది. తర్వాత అడిగింది.

“నిన్ను దొంగన్నాను. అప్పుడైనా సెప్పొచ్చు గదా.”

“దొంగ కట్టిన కప్పయితే తిట్టుకుంటూనైనా దాని కింద పడుకుంటావు. నీ సేత్తో నీవే సెడగొట్టుకున్నావంటే నీకు నిద్దరట్టునా అమ్మా?”

ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. నేను ముక్కలై ఉన్నాను కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ మాటకే కూలేదాన్ని. చెప్పి ఉంటే ఆయన బతుకు నిలిచేది. ఆమె తట్టుకునేది, ఆడది అంత పెళుసు కాదు. మంచితనంతోనే ఆమె నన్ను పాడుచేసింది, మంచితనంతోనే ఆయన తన్ను తాను పాడుచేసుకున్నాడు. మనుషులు ఒకరి మీద ఒకరు జాలిపడే పద్ధతి నాకు ఇప్పటికీ అర్థం కాదు.

కొత్త శ్లాబు నువ్వే వెయ్యాలి అని కొర్లమ్మ ఆయన చేతులు పట్టుకుంది. కళ్ళు ఆనవు, మనుషులూ చెదిరిపోయారు, తాపీ ఎక్కడుందో కూడా తెలియదని ఆయన చెప్పి, మెల్లగా చెయ్యి విడిపించుకుని బస్సుకు వెళ్ళిపోయాడు.

నా ఇనుమును పాత సామాన్లవాడు పట్టుకుపోయాడు. నన్ను బండిలో వేసుకొచ్చి ఇక్కడ పోశారు. ఇక్కడికి వచ్చాకే మిగతా సంగతి విన్నాను. కొర్లమ్మ ఆ మర్నాటి నుంచి వాడలో ఇల్లిల్లూ తిరిగిందట. మేస్త్రి మచ్చ లేని మనిషి, తప్పు నాది, ఇల్లు కట్టించుకుంటే ఆయన్నే పిలవండి, కళ్ళు ఆనకపోయినా ఆయన నిలబడి చేయిస్తే చాలు అని ప్రతి గుమ్మంలోనూ చెప్పిందట. అందరూ కూర్చోబెట్టి మర్యాదగా విన్నారట. అయ్యో పాపం అన్నారట. ఆమె చెబుతున్నంతసేపూ వాళ్ళ నెత్తిమీద, వేరే మేస్త్రీలు వేసిన కొత్త శ్లాబులు ఉన్నాయి. వాడలో ఇక ఇల్లు కట్టుకోవలసినవాళ్ళెవరూ మిగల్లేదు.