డబ్బాలో లేని పదహారో భాగం

బర్ దుబాయ్‌లో బట్టల దుకాణాల సందు చివర వీడియో గేములమ్మే అంగడి ఒకటుంది. ప్రొద్దుటూరు నుంచి వచ్చి అందులో పనిచేస్తున్న హిదాయతుల్లాకు ఆటలాడటం రాదు గానీ, అమ్మటం బాగా వచ్చు. అందులోనూ ‘హొమురా’ అంటే ఆయనకు తగని మమకారం. జపాన్ వాళ్ల ఆట అది. కత్తి పట్టిన కుర్రవాడు ఊరూరా తిరిగి జతగాళ్లను కూడగట్టుకుంటాడు. నెలల తరబడి సాగే కథ. ముప్పై ఏళ్లుగా భాగం తరువాత భాగం వస్తూనే ఉంది. ఇప్పుడు పదహారో భాగం వచ్చింది.

శుక్రవారం పొద్దున అంగడి తెరిచీ తెరవకముందే దేవేందర్ వచ్చి, రెండు రోజుల కింద అక్కడే కొన్న ఆ పదహారో భాగం డబ్బాను గల్లా బల్ల మీద ఠపీమని పెట్టాడు. జగిత్యాల వైపు మనిషి. ఉమ్ అల్ క్వైన్‌లో పైపుల ఫ్యాక్టరీలో పని.

“తెరువు భాయ్. నువ్వే తెరిచి సూడు.”

తెరిస్తే లోపల ఒక చీటీ తప్ప ఏమీ లేదు.

“డిస్క్ ఏదప్పా?”

“గదే నేనడుగుతున్న. నన్నేమో రూమంత అడుగుతున్నది!”

పనివాళ్లంతా ఉండే వాళ్ల కాంపులో ఒక ఆనవాయితీ ఉంది. ప్రతి భాగాన్నీ అందరూ తలా కొంత డబ్బు వేసుకుని కొంటారు. తెచ్చినవాడు డబ్బాను అందరి ముందే తెరవాలి. ఒకరు ఆడి ముగించాక డిస్క్ ఇంకొకరి చేతికి పోతుంది. అట్లా గది నుంచి గదికి, ఒక్కోసారి పక్క కాంపుకూ తిరిగొస్తుంది. ఈసారి దేవేందర్ ఆత్రంకొద్దీ బస్సులోనే మూత వైపు ప్లాస్టిక్ చించాడు. గదిలో మూత తీస్తే అర్థంకాని ఇంగ్లీషు చీటీ తప్ప డిస్క్ లేదు.

“తొవ్వల అమ్ముకున్నవారా అని మొకం మీదనే అన్నరు భాయ్. అన్నం కాడ గూడ ఎవ్వడు మాట్లాడుత లేడు.”

హిదాయతుల్లా డబ్బాను తిప్పి చూశాడు. కింది మూలన తాను అంటించిన అంగడి స్టిక్కరు: ‘ఆడిన డిస్కులు వాపసు తీసుకుంటాం’. ఏ కొత్త సరుకొచ్చినా మొదట అది అంటించి గానీ అరలో పెట్టడు. గోటితో గీకాడు. దాని కింద అచ్చు బయటపడింది. ఇందులో డిస్క్ లేదు, డౌన్‌లోడ్ కోడ్ మాత్రమే ఉంది, ఒక్క ఖాతాకే పనిచేస్తుందని రాసి ఉంది.

వెనక నుంచి ముదీర్, అంటే అంగడి మేనేజరు, రహమతుల్లా వచ్చాడు. హైదరాబాద్ ఆయన.

“కవర్ చించిండు గదా మియా. ఖలాస్. వాపస్ లేదు.”

“ముదీర్ సాబ్, ఆ రాత మీద నేనే స్టిక్కరు వేసి దాచేసినా.”

“దాచినవా? అంటించినవ్. ఫరక్ లేదా?”

“కొన్నోడికి లేదు సాబ్.”

“అరె ఛోడో! ఈ ఆట పనే అయిపోయింది. అనుకున్నంత పోతలేదని కంపెనీవాళ్లే మొత్తుకుంటున్నరు. పిల్లలంత ఫోన్‌ల ఆడుతున్నరు. ఆ అరల మొబైల్ కవర్లు పెడ్దాం.”

హిదాయతుల్లాకు ఒళ్లు మండింది. “ఎట్లా పోతుంది సాబ్? ఒకసారి ఒక్క రకం గేమ్ మిషన్ మీదే ఆడమంటారు. ఆడేవాళ్లు విసిగిపోయినాక అన్నిటి మీదా ఇస్తామంటారు. ఫోన్‌లో పెట్టి, జనం మరిగినాక మూసేస్తారు. ఇప్పుడు డిస్కే లేదంటారు. కూర్చున్న కొమ్మ నరుక్కుంటూ చెట్టును తిడితే ఎట్లా?”

“నాకెందుకు చెప్తవ్? నేను జపానోణ్ణా?”

దేవేందర్ అడ్డొచ్చాడు. “పైసల్ వద్దు భాయ్. నా పేరు నాకు గావాలె. నువ్వొచ్చి రూమ్‌ల చెప్పు.”

జుమా నమాజు ముగించుకుని హిదాయతుల్లా ఇంటికి ఫోన్ చేశాడు.

“నువ్వూ పాప సుహానా తినేయండి. ఉమ్ అల్ క్వైన్ పోతున్నా. ఒక మనిషికి సాక్ష్యం చెప్పాల.”

“సాక్ష్యమా! పోలీసులా?” అంది భార్య షహర్బాను భయంగా.

“కాదులే. ఆట సంగతి.”

“జుమా నాడు అన్నం మానుకుని ఆట సాక్ష్యమా! బాగుంది మీ వరస.”

బస్సులో ఆయనకు మనసు కుదురుగా లేదు. చేతికివ్వలేని సరుకు అమ్మరాదని చిన్నప్పుడు మౌల్వీసాబ్ చెప్పేవారు. కంపెనీ అమ్మింది సరుకా, ఆడుకునేందుకు అనుమతా? అనుమతే అయితే తప్పేముంది? తానీ దేశంలో ఉంటున్నదీ అనుమతి మీదే. వీసా ఇంకొకరికి ఇవ్వగలడా? కానీ దాన్నెవరూ డబ్బాలో పెట్టి, పైన కత్తి బొమ్మ వేసి అమ్మలేదు కదా. అల్లాకే తెలియాలి.

గదిలో పెద్దవాడు భోజన్న మంచం మీద కూర్చుని ఉన్నాడు. మిగతావాళ్లు తలుపు దగ్గర గుమిగూడారు. హిదాయతుల్లా నిలబడే చెప్పాడు.

“ఇతను ఏమీ తీయలేదన్నా. కంపెనీ డిస్కే పెట్టలేదు. ఆ సంగతి రాసినచోట నేను చూసుకోకుండా స్టిక్కరు వేసినా. తప్పు నాది.”

“ఖాళీ డబ్బ ఎవడన్న అమ్ముతడా?” అన్నాడొకడు.

“అమ్ముతున్నారు తమ్ముడూ. నేనే అమ్మినా.”

భోజన్న డబ్బాను పక్కవాడి చేత చదివించుకున్నాడు. తరువాత దేవేందర్‌ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

“నోరు జారినం బిడ్డ. మనసుల వెట్టుకోకు.”

దేవేందర్ తల ఊపాడు గానీ మొహం విప్పారలేదు. “గీ కోడ్ ఎవని మిషన్‌ల కొట్టాలె ఇప్పుడు?”

అక్కడ మొదలైంది రగడ. ఒకడు భోజన్నదన్నాడు. భోజన్న మిషన్ పాతదని, ఈ భాగం పట్టదని ఇంకొకడన్నాడు. కొత్త మిషన్ ఉన్నవాడు వచ్చే నెల లీవు మీద ఊరికి పోతున్నాడు. “వానితోని ఆట గూడ పోతదా?” అని అరుపు. కాంపు వైఫైలో ఆట డౌన్‌లోడ్ అయ్యేసరికి తమ పని కాంట్రాక్టులే అయిపోతాయని ఎగతాళి. ఎవరికిచ్చినా మిగతావాళ్లు చూస్తూ కూర్చోవలసిందే.

“మల్లచ్చే పార్టు గూడ గిట్లనేనా?” అడిగాడు భోజన్న.

“వస్తుందో రాదో తెలియదన్నా.”

“అస్తె మాత్రం మాకోసమా అది?”

హిదాయతుల్లా జేబులో ఫోన్ మోగింది. ముదీర్.

“మియా, కొనుక్కపోయినోళ్ల సంగతి పోనీ. ఇంకా ఆ డబ్బాలు అరనిండ ఉన్నయి. రేపు ఏమని అమ్ముతవ్?”

“లోపల ఏమీ లేదని చెప్పి అమ్ముతాను సాబ్.”

“అట్ల చెప్తే ఎవరు కొంటరు?”

“ఆ మాట జపాన్ వాళ్లు వాళ్లను వాళ్లే అడుక్కోవాల.”

అవతల ముదీర్ తిట్టు అందుకున్నాడు. ఇవతల గదిలో కోడ్ చీటీ ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి పోతూనే ఉంది. తీసుకున్నవాడల్లా ఒకసారి చూసి, పక్కవాడికి ఇచ్చేస్తున్నాడు.