సగంలో ఆపిన స్లాబు

మొదటి తప్పు నాది. అందుకే ఈ కథ నేనే చెప్పాలి.

2007 మే నెల. తమిళనాడు ధర్మపురిలో మా ఇంటి మేడకు కాంక్రీటు పోస్తున్నారు. మిషన్ దగ్గర నుంచి పైదాకా పద్దెనిమిది మంది ఆడవాళ్ళు వరసగా నిలబడి, కాంక్రీటు నింపిన ఇనప సట్టిని చేతి నుంచి చేతికి అందిస్తున్నారు. మొదలుపెట్టిన స్లాబును మధ్యలో ఆపరు. ఆపితే అతుకు పడుతుంది, వానకు కారుతుంది. ముగిశాక ఇంటివాళ్ళు అందరికీ అన్నం పెడతారు.

నిచ్చెన మీద మూడో మనిషి సౌభాగ్యం. సిలోన్ యుద్ధం నుంచి కూతురితో పడవెక్కి వచ్చి, డ్యామ్ పక్కన శరణార్థుల క్యాంపులో ఉంటోంది. పదకొండు గంటలకు మేస్త్రీ మాదప్పన్ సెల్‌కు కబురొచ్చింది. క్యాంపులో ఆఫీసరు హాజరు తీస్తున్నాడు. లేనివాళ్ళ పేరు కొట్టేస్తారు. పేరు పోతే బియ్యమూ పోతుంది, గదీ పోతుంది.

"అన్నా, నేను బస్సుకు పోతాను," అంది సౌభాగ్యం.

"వరస తెగితే స్లాబు నీ తాత వేస్తాడా?" అన్నాడు మాదప్పన్. "క్యాంపు దాటి పనికొస్తాండావని పోలీసుకు చెప్పేదా?"

వరసలో అందరికన్నా పెద్దదైన తాయమ్మ నావైపు తిరిగింది. "నీ ఇల్లు. నువ్వు చెప్పమ్మా."

"ఇంకో గంట పనే కదా," అన్నాను. బీఏ చదివినదాన్ని. నాకు తోచింది అంతే.

ఆ గంటలోనే పేరు కొట్టేశారు. నేను వేసిన విస్తరి ముందు సౌభాగ్యం కూర్చోలేదు. రెండు వారాల్లో గది ఖాళీ చేయమని చీటీ వచ్చింది.

అర్జీ నేనే రాశాను. తాలూకా ఆఫీసుకు మూడుసార్లు వెళ్ళాం. మొదటిసారి సారు లేడు. రెండోసారి కాగితం కనబడలేదు. మూడోసారి గుమస్తా తల ఎత్తకుండానే, "వాళ్ళ ఊరికి వాళ్ళను పొమ్మనండి," అన్నాడు.

గది ఖాళీ చేయడానికి గడువు శనివారం. శుక్రవారం ఆ తాలూకా ఆఫీసు కొత్త భవనానికే స్లాబు. మేస్త్రీ మాదప్పనే, వరసా ఇదే. గురువారం సాయంత్రం ఆడవాళ్ళందరూ మా వసారాలో కూర్చున్నారు.

"సగంలో ఆపేద్దాం," అంది తాయమ్మ.

వరసలోని మాదేశ్వరి లేచింది. "ఈ క్యాంపోళ్ళొచ్చినాక మనకు పని తగ్గలా? ఈమె కోసం నేను పని పోగొట్టుకోవాలా?"

"మేస్త్రీ ఈమెను ఎందుకు పిలుస్తాడే?" అంది తాయమ్మ. "పోలీసంటే నోరు మూసుకుంటాదని. రేపు ఈమెను చూపించి నీ నోరూ మూస్తాడు. అప్పుడు ఎవరు వస్తారు నీకు?"

"నలభై ఏళ్ళలో ఒక్క స్లాబూ విడిచిపెట్టలేదంటావు గదక్కా," అంది మాదేశ్వరి.

"విడిచిపెట్టలేదు," అంది తాయమ్మ. "రేపు విడిచిపెడతా."

శుక్రవారం మధ్యాహ్నం కప్పు సగం నిండింది. తాయమ్మ చేతికొచ్చిన సట్టిని కింద పెట్టింది. పక్కామె పెట్టింది. మాదేశ్వరి ఒక్క క్షణం చేతుల్లోనే పట్టుకుని, తర్వాత తనూ దించింది. మిషన్ ఖాళీగా తిరుగుతోంది. మాదప్పన్ తిట్టాడు, బతిమాలాడు. తహసీల్దారు పరుగున వచ్చాడు.

"ఎవరు మీరంతా? తెలుగు మాట్లాడుతున్నారు, ఆంధ్రా కూలీలా?"

"ఈ ఊరోళ్ళమే సారూ," అంది తాయమ్మ. "మా తాతల తాతలు తెలుగు సీమ నించి ఎద్దులు తోలుకొని వచ్చినారు. అప్పుడు ఎవరికి హాజరు చెప్పినారు? వచ్చినోళ్ళు దున్నినారు, కట్టినారు, ఈ ఊరోళ్ళయినారు. ఈ సౌభాగ్యమూ అంతే. ఆమె పేరు మళ్ళా రాయి. పనికి పోయినోళ్ళ పేరు ఇంక కొట్టొద్దు."

"ముందు పని ముగించండి. తర్వాత చూద్దాం."

"మూడుసార్లు చూసినావు గదా!" అంది మాదేశ్వరి.

ఎండకు కాంక్రీటు గట్టిపడుతోంది. జీపు వచ్చింది. పోలీసులు తాయమ్మనూ సౌభాగ్యాన్నీ ఎక్కించారు. మిగిలిన పదహారు మందీ జీపు వెనకే నడిచారు.

అక్కడే నిలబడి చూస్తున్న నేను ఇంటికి పరుగెత్తాను. స్లాబు ముగియలేదు. అయినా పెద్ద గిన్నె పొయ్యి మీద పెట్టి పద్దెనిమిది మందికి వండాను. అన్నం ఆటోలో స్టేషన్‌కు తీసుకెళ్ళి, గేటు ముందు నేల మీదే విస్తళ్ళు పరిచాను. లోపలున్న ఇద్దరికీ రెండు విస్తళ్ళు వేశాను. ఇంకొకటి వేసుకుని వరస చివర నేనూ కూర్చున్నాను.

"తిని ఇళ్ళకు పోండి," అన్నాడు కానిస్టేబుల్.

మాదేశ్వరి అన్నం కలుపుతూ తల ఎత్తింది. "పోయేదానికి తింటాండామా సారూ? రేపు శనివారం. క్యాంపులో సౌభాగ్యం గది ముందర అడ్డం కూర్చోవాలి. బలం వద్దా?"