రెండు పొట్లాలు

దేవేంద్రప్ప కర్నూలు కాలేజీలో తత్వశాస్త్రం చెబుతాడు. రోగికి సంగతి చెప్పకుండా, రోగి ఒప్పుకోకుండా వైద్యం చేయడం తప్పని పదకొండేళ్లుగా వ్యాసాలు రాస్తున్నాడు. వాటిలో అచ్చుతప్పులు దిద్దేది భార్య శివజ్యోతి. ఆ వాదన మొత్తం ఆమెకు కంఠతా వచ్చు.

అత్త నాగక్క గర్భసంచిలో గడ్డ ఉందని, చెడ్డదే కావచ్చని, వారంలోగా తీసేయాలని డాక్టరు చెప్పి మూడు రోజులైంది. దేవేంద్రప్ప తల్లికి మాత్రం గ్యాసని, చిన్న కోతతో పోతుందని చెప్పాడు.

"మీ మూడో వ్యాసం ఏమంటాదండీ?" అని అడిగింది శివజ్యోతి.

"అది రోగుల గురించి. ఈమె మా అమ్మ."

పత్తికొండలో ఇరవై ఏళ్లు టమేటాలు అమ్మిన నాగక్కకు, గ్యాసుకు కోత ఎందుకో అర్థం కాలేదు.

"స్వామినడుగుతా. తెల్లపువ్వొకటి, ఎర్రపువ్వొకటి పొట్లాలు కట్టి ముందర పెట్టప్పా. తెల్లదొస్తే కోయించుకుంటా. ఎర్రదొస్తే ఊరికి పోతా."

దైవసంకేతం జ్ఞానమవుతుందా అని నలభై పేజీలు రాసి, ఏదీ తేల్చకుండా వదిలేసినవాడు మారుమాట లేకుండా పొట్లాలు కట్టాడు. ఆ భక్తి చూసి శివజ్యోతికి అనుమానమొచ్చింది. ఇంట్లో ఎర్రపువ్వంటే పెరట్లో మందారమే; దానికి పొద్దున పూసిన ఒక్క పువ్వూ చెట్టుకే ఉంది. చెబితే ఆపరేషను ఆగిపోతుంది. ఆమె నోరు మెదపలేదు.

నాగక్క దండం పెట్టి ఒక పొట్లం విప్పింది. నందివర్ధనం.

"చూసినావా మా, స్వామే చెప్పినాడు!" అన్నాడు దేవేంద్రప్ప.

నాగక్క రెండోదీ విప్పింది. అదీ నందివర్ధనమే.

"పైవరస చూసి గంప కొంటాననుకున్నావా రా?"

దేవేంద్రప్ప పొట్లాల కాగితాలు ఏరుకోబోయాడు.

"స్వామి నోరు కట్టేసినావు, ఆయన చూసుకుంటాడు. కడుపు నాది కదా, నాకెందుకు చెప్పవు? ఏముండాది దాంట్లో?"

 గంటలకొద్దీ పాఠం చెప్పేవాడు భార్య వైపు చూశాడు.

"మీరే చెప్పండి, అత్తకు అర్థమయ్యే మాటల్లో" అంది శివజ్యోతి.

చెప్పాడు. గడ్డ అన్నాడు, చెడ్డది కావచ్చన్నాడు, ఆ తర్వాత ఏడ్చాడు.

నాగక్క రెండు పువ్వులనూ స్వామి ముందర పెట్టింది. "తీసేస్తే బతుకుతానా?"

"శానామందికి నయమైందంట. నీకెట్లయితాదో నాకు తెలీదు మా."

"తెలీదన్నావు చూడు, ఇప్పుడు నమ్ముతాండా. రేపే పోదాం. సంతకం మాత్రం నేనే పెడతా. జ్యోతీ, వీడు పెట్టేసింటే కొత్త కాగితం అడుగు."

శివజ్యోతి ఆస్పత్రి ఫైలు తెరిచింది. అంగీకారపత్రం మీద పెట్టేసే ఉన్నాడు, ఇంగ్లీషులో, కింద గీత గీసి మరీ.