బిగువు వదిలించే కాళ్ళు

కొత్త బూటు కరుస్తుంది. కరవని బూటు అమ్మేవాడికి పేరొస్తుంది, పేరొస్తే గిరాకీ దానంతటదే నడిచొస్తుంది. చెప్పుల కొట్టు షావుకారు ఈ లెక్క ఎప్పుడో కట్టేశాడు. తన కాలి కొలతే ఉన్నవాళ్ళెవరైనా బిగుతు జత కొంటే, "నా దగ్గరే ఉంచండి, వెన్నలా చేసిస్తాను" అనేవాడు. దానికి యంత్రమేమీ లేదు. తనే తొడుక్కుని కొట్టంతా తిరిగేవాడు.

మొదట్లో మడమలు బొబ్బలెక్కేవి. షుగరొచ్చిన కొన్నేళ్ళకి నొప్పి తగ్గింది, తర్వాత పూర్తిగా పోయింది.

"కాళ్ళు రాటుదేలాయి వదినా! ఇక ఈ పనిలో నాకు పోటీ లేదు."

వదిన వెనకగదిలో కుట్టుమిషను మీద బూట్ల తోలు కుడుతోంది. తలెత్తకుండానే అంది: "మీ అన్నయ్యా ఇలాగే మురిశాడు."

అన్నకీ షుగరే. బొటనవేలి కింద ఎప్పుడు పుండు పడిందో తెలియలేదు. అది ఎముకకి పాకింది, మోకాలి కింద కాలు తీసేశారు. ఆ తర్వాత పోయేదాకా చంకకర్రతో ఈ కొట్లోనే తిరిగాడు. గచ్చు మీద టక్, టక్. ఆయన తొడగని రెండో కాలి బూట్లు ఇంకా పై అరలోనే ఉన్నాయి. అమ్మడానికి జత లేదు, పారేయడానికి చెయ్యి రాదు.

ఒక పొద్దున పోస్టుమాను కొన్న నల్లబూట్లు తొడుక్కుని షావుకారు అర వైపు నడిచాడు. వెనక టక్ మంది.

ఆగాడు. చప్పుడూ ఆగింది. నడిచాడు. టక్.

వీపు మీద చల్లటి చెయ్యి ఆనినట్టయింది. తల తిప్పి చూస్తే ఎవరూ లేరు. వదినకి చెబుదామని నోటిదాకా వచ్చి మింగేశాడు. దెయ్యమున్న కొట్టని పొక్కితే గుమ్మం తొక్కేదెవరు? ఆ రోజంతా కూర్చునే బేరాలు చేశాడు. మర్నాడూ అవే బూట్లతో అంతే. లేవక తప్పనప్పుడల్లా అన్న కర్ర చప్పుడు తన వెంట నడిచింది.

మూడోనాడు మిషను టక్కున ఆగింది. వదిన గుమ్మంలో నిలబడి ఉంది, ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"మరిదీ... ఆయన కర్ర."

"నీకూ వినిపించిందా?" షావుకారు నడక ఆపేశాడు.

ఇద్దరూ పై అర వైపు చూశారు. తర్వాత వదిన కళ్ళు మెల్లగా కిందికి దిగాయి.

"నడువు."

టక్.

"మళ్ళీ నడువు. చప్పుడు నీ వెనకనుంచి కాదయ్యా, నీ కిందనుంచి వస్తోంది!"

గిరాకీలు కూర్చునే పీట మీద కూలేసి, కుడికాలు ఒళ్ళోకి తీసుకుంది. బూటు అడుగున మేకు తల మెరుస్తోంది, గచ్చుకి అరిగి నున్నగా.

"నొప్పి లేదూ?"

"లేదు."

ఇన్నాళ్ళూ గొప్పగా చెప్పుకున్న మాటే. ఇప్పుడు తన నోట్లోంచే వచ్చి తనని భయపెట్టింది. బూటు లాగితే మేకూ దాంతోనే వచ్చింది. మేజోడు నల్లగా తడిసి, వాసన కొడుతోంది. అన్న మంచం దగ్గరి వాసన.

ఆసుపత్రిలో వేలు తీశారు. కాలు ఉంటుందో ఊడుతుందో చెప్పలేమన్నారు. కట్టు విప్పిన ప్రతిసారీ డాక్టరు ముఖంలోకి బేరగాడి ముఖంలోకి చూసినట్టు చూసేవాడు షావుకారు. చివరికి పాదం నిలిచింది.

"వెన్నలా చేస్తానన్నావుగా?" అని ఎకసెక్కెంగా అడిగాడు పోస్టుమాను.

"ఆ పని ఇప్పుడు బూట్లో దూర్చే చెక్క అచ్చులకి అప్పజెప్పాను. మేకు దిగినా వాటికేం పోదు."

ఇప్పుడు ఏ బూటైనా బోర్లించి దులిపి, లోపల చెయ్యి పెట్టి తడిమి గానీ తొడగడు. రోజూ కొట్టు కట్టేసే ముందు, గిరాకీల కోసం నేల మీద వాలుగా పెట్టిన అద్దం ముందు కూర్చుని అరికాళ్ళు, వేళ్ళ సందులు చూసుకుంటాడు. ఆ అద్దంలో కాళ్ళే తప్ప మనిషి కనిపించడు. అన్న చివరిసారి చూసుకున్నప్పుడు అందులో ఒక్కటే కనిపించింది.

ఒక సాయంత్రం కుడి అరికాలు అద్దానికి చూపించాడు. వదిన పక్కనే నిలబడి ఉంది. మిషను ఆపి ఉంది. షావుకారు కాళ్ళు రెండూ గాల్లోనే ఉన్నాయి.

అర వైపునుంచి, టక్.

షావుకారు వదిన వైపు చూశాడు. ఆమె తలెత్తలేదు. అద్దాన్ని కాస్త ఇటు జరిపింది.

"రెండోది కూడా చూపించు మరిదీ."