జులేఖాకు చెప్పిన మాట

మధ్యాహ్నం బువ్వ గంట కొట్టి చాలాసేపైంది. నిరోషా కంచంలో అన్నం అలాగే ఉంది. జ్యోతిరాణి టీచరు ఎదురుగా నేలమీద కూర్చుని బతిమాలుతోంది.

"తిను బిడ్డా. నేనున్న గద."

నిరోషా తల ఎత్తలేదు.

వికారాబాద్‌లో మూడు రోజుల శిక్షణలో నేర్పినవన్నీ జ్యోతిరాణి చేస్తూనే ఉంది. బెత్తం పారేసింది. గొంతు పెంచడం లేదు. దెబ్బతిన్న మనసు తనంతట తాను తెరుచుకునేదాకా ఓపిక పట్టాలని చెప్పారక్కడ. కానీ వాళ్లే నింపి పంపమని ఇచ్చిన కాగితంలో 'జరిగిన ఘటన, పాప మాటల్లో' అని ఒక గడి ఉంది. బాగా రాసినదాన్ని సోమవారం అక్కడి సభలో వేదిక మీద చదివిస్తారట.

తాండూరు దగ్గర నాపరాళ్ల గనిలో బండ జారిపడి నిరోషా తండ్రి చనిపోయాడు. సద్ది తీసుకెళ్లిన పిల్ల కళ్ళముందే జరిగింది. ఈ హాస్టల్ బడిలో చేరి రెండు నెలలైనా క్లాసులో నోరు విప్పలేదు.

విప్పింది వంటమనిషి జులేఖా దగ్గర. మొన్న జ్యోతిరాణి కళ్ళారా చూసింది. ఇద్దరూ చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నారు. పిల్ల ఏదో గబగబా చెబుతోంది, నవ్వుతోంది కూడా. పద్నాలుగేళ్లు పాఠాలు చెప్పిన తనకు దక్కనిది, సంతకం కూడబలుక్కుని పెట్టే మనిషికి దక్కింది. గొంతులో మంట లేచింది. పొయ్యి దగ్గర ప్రమాదమని సాకు చెప్పి, పిల్లలెవరూ వంటగదిలోకి పోవద్దని ఆ పూటే చెప్పేసింది. అప్పటి నుంచే నిరోషా తిండి మానేసింది.

జ్యోతిరాణి లేచి వంటగదికి వెళ్లింది.

"జులేఖా, గా పొల్ల నీకేం చెప్పింది?"

జులేఖా గిన్నె తోముతూనే ఉంది. "మస్తు చెప్పింది మేడం."

"గదే నాకు చెప్పు, రాసుకుంట. సోమారం మైకుల సదువుతరు, నీ పేరు గూడ పెడత."

"నా పేరెందుకు? గది వాళ్ల నాయిన ముచ్చట. నన్ను నమ్మి చెప్పింది, మైకుల సదివెతందుకు గాదు. నేన్ చెప్ప."

"గంత పెద్దదానివైనవా?"

"నేనేం పెద్దదాన్ని మేడం! చిక్కుడుకాయలిచ్చి కూసోబెట్టిన, గంతే." చేతులు కొంగుకు తుడుచుకుంది. "పొల్ల తింటలేదంట గద. జర లోపలికి రానియ్యుండ్రి. ఎన్క నన్నెంత తిట్టినా పడత."

జ్యోతిరాణి వెళ్లి నిరోషా చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. గడప దగ్గరికి రాగానే పిల్ల చెయ్యి విడిపించుకుని లోపలికి ఉరికింది. వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

ఆఫీసు గదిలోంచి పెద్దమేడం కేకేసింది. "జ్యోతిరాణీ, మన కాగితం ఏదమ్మా? గంటలోపట పంపాలె!"

"లేదు మేడం. రాయ."

"రాయవా? ఏమైంది నీకు?"

లోపల పిల్ల గొంతు మొదలైంది. జ్యోతిరాణి గొంతులో మంట ఏమాత్రం తగ్గలేదు. ఆ మాటలు తన చెవిన పడకుండా తలుపు మెల్లగా దగ్గరికి లాగి, బయటే నిలబడింది.