స్వర్ణలత వంతు

విజయగారింట్లో నెలకోసారి ఆదివారం మధ్యాహ్నం ఆడవాళ్లు చేరి, చదివిన కథొకటి చెప్పుకుంటారు. రాసినవాళ్ల పేరు మాత్రం చివరిదాకా బయటపెట్టకూడదు. పెద్ద పేరు వినపడగానే అందరూ తలలూపేస్తారని విజయగారు పెట్టిన షరతు అది.

ఈసారి స్వర్ణలత వంతు. మామిడిపల్లి నుంచి ఆటోలో వస్తూ ఆమె ఒకటే అనుకుంది. కథలో మనిషి ఇల్లు వదలాలని వీళ్లంటే, విజయగారి మేడ మీద ఖాళీగా ఉన్న గది ఈరోజే కిరాయికి అడగాలి.

ఎక్కడో చదివానని ఆమె చెప్పింది తన కథే. తన తల్లి ఇచ్చిన రావిర్యాల జాగా అమ్మేది లేదన్నందుకు మొగుడు గోవర్ధన్ ఆమెతో మాట మానేసి ఏళ్లయింది. ఏం కావాలన్నా వాళ్లమ్మ ఈరమ్మతో "ఆమెకు చెప్పు" అనేవాడు. మొన్న ఎండాకాలం ఈరమ్మ పోయింది. ఇప్పుడు ఆ మాట అనడానికి కూడా ఇంట్లో మనిషి లేదు. ఎవరూ గుర్తుపట్టకుండా స్వర్ణలత కథలో అత్తను ఆడబిడ్డగా, ఆమె చావును పెళ్లిగా మార్చింది.

నెత్తి మీద విమానం పోయేదాకా ఆగి, మళ్లీ అందుకుని, మొత్తం చెప్పేసింది.

"గింతేనా?" అంది శంషాబాద్‌లోనే పుట్టి పెరిగిన అరుణ. "మా ఆయన గట్ల నోరు మూసుకుంటే నేనైతే మిఠాయి పంచుత."

అందరూ నవ్వారు. స్వర్ణలత కూడా నవ్వింది.

"అది కాదండీ," అన్నారు విజయగారు. "ఆడబిడ్డ వెళ్లిపోయాక ఇద్దరే మిగిలారు కదా. ఎంత మొండివాడైనా ఒక్క మాటైనా నోరు జారతాడు. రాసినవాళ్లకి మనుషుల సంగతి తెలియదు."

స్వర్ణలత కూడా అప్పట్లో అట్లాగే అనుకుంది. ఈరమ్మ దినాలై చుట్టాలంతా పోయాక చాయ్ తెచ్చి పెట్టి, కావాలనే పక్కన నిలబడింది. చక్కెర తక్కువైందని అయినా అంటాడని. గోవర్ధన్ లేచి డబ్బా తీసి చక్కెర వేసుకున్నాడు.

"పోనీ, ఆమె ఏం జెయ్యాలంటరక్కా?" అని అడిగింది స్వర్ణలత.

"ఎప్పుడో వెళ్లిపోవాల్సింది. ఇన్నేళ్లు పడి ఉందంటే అలవాటైపోయిందన్నమాట. నిజం చెప్పొద్దూ, నాకు జాలి కలగలేదు, విసుగొచ్చింది," అన్నారు విజయగారు.

"జాగ ఆమె పేరు మీదనే ఉండె గద, ఇగ ఏంది పరేషాన్?" అంది అరుణ.

పొమ్మనే అన్నారు. కానీ ఇప్పుడు గది అడిగితే, విజయగారికి విసుగు పుట్టించిన ఆ మనిషి తనేనని తెలిసిపోతుంది. నవలల్లో ఇట్లాంటి ఆడవాళ్ల కోసం స్వర్ణలత ఎన్నోసార్లు ఏడ్చింది. వాళ్ల మనసులో ఉన్నదంతా ఎవరో కూర్చుని పేజీలకు పేజీలు రాసిపెట్టారు కాబట్టి ఏడవగలిగింది. బయటి నుంచి చూస్తే ఏముంటుంది? ఒక ఇల్లు, మాట్లాడని మొగుడు, వంట చేసే ఆడమనిషి.

"ఇంతకీ ఎవరు రాశారు?" అడిగారు విజయగారు.

"యాదికొస్తలేదక్కా."

"ఇలాంటివి గుర్తుండవులెండి." విజయగారు అందరి వైపూ తిరిగారు. "అన్నట్టు మా మేడ మీద గదిని ఎయిర్‌పోర్టులో పనిచేసే అబ్బాయి అడుగుతున్నాడు. ఎవరైనా ఆడమనిషైతే నాకింకా హాయి. మీకు తెలిసినవాళ్లెవరైనా ఉన్నారా? స్వర్ణలతా, మీ వైపు?"

"నా ఎరుకల ఎవరు లేరక్కా," అంది స్వర్ణలత.